గీతలు లేని వేలిముద్ర

శనివారం ఉదయం తొమ్మిదింబావుకి తిరుత్తణి ఎన్నికల ఆఫీసులో ఇనప్పెట్టె తెరిచారు.

కవర్లు లెక్కపెట్టారు. లెక్క సరిపోయింది.

ఒక్కొక్కటే తిప్పి చూశారు. అప్పుడు ఆ గదిలో ఫ్యాను తప్ప అన్నీ ఆగిపోయాయి.

వెనకవైపు నుంచి చూస్తే కవర్లన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు. కానీ ఒకదాని ముందువైపు అచ్చు లేదు, నంబరు లేదు, సంతకం లేదు. చించి చూస్తే లోపల ఓటు లేదు. మడత పెట్టిన చీర ముక్క ఉంది. పసుపు బట్ట, ఎర్ర అంచు.

చీర ఇచ్చి ఓటు పుచ్చుకునేవాళ్ల సంగతి అందరూ విన్నదే. ఓటు పుచ్చుకుని పెట్టెలో చీర వదిలేసిన దొంగని మాత్రం ఎవరూ వినలేదు.

నంబర్లు సరిచూస్తే పోయింది రుక్మిణమ్మ ఓటు. మేట్టు వీధి. వయసు ఎనభై ఎనిమిది. రెండు కళ్లూ కనబడవు.

ఎనభై అయిదు దాటినవాళ్లు బూత్‌కి రానక్కర్లేదు, బూతే వాళ్లింటికి వస్తుంది. ఫారం ఇస్తే చాలు. అధికారులు బ్యాలెట్ కాగితం, అట్ట తెర, కెమెరా, పెట్టె పట్టుకుని గుమ్మంలోకి దిగుతారు. ఓటరు గుర్తు పెట్టి, కవర్లో వేసి అంటించాలి. కళ్లు కనబడకపోతే ఇంట్లోవాళ్లు ఎవరైనా సాయం చేయవచ్చు. ఒకసారి ఈ పద్ధతికి ఒప్పుకున్నాక మళ్లీ బూత్ గడప తొక్కడం కుదరదు.

శుక్రవారం మేట్టు వీధి తిరిగిన టీముకి పెద్ద నివేద. స్కూలు టీచరు. పెట్టె తాళం ఆమె చేతిలో ఉంది. అందుకే కత్తి కూడా ఆమె మెడ మీదే ఉంది.

తిరువళ్లూరు నుంచి పెద్ద అధికారి ఫోన్ చేశాడు.

"సాయంత్రం అయిదుకల్లా ఆ కవరు దొరకాలి. లేకపోతే టీచరు సస్పెండ్. ఆ తర్వాత అరెస్ట్."

ఆ ఫోను వెనకాలే జీపు వచ్చింది. జీపులోంచి క్రైం బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ శశికళ దిగింది. కడంబత్తూరు మనిషి. రైతుబిడ్డ. మాట తక్కువ. ఆ లోటు తీర్చడానికే డిపార్ట్‌మెంట్ ఆమెకి హెడ్ కానిస్టేబుల్ చెంగల్రాయుణ్ణి ఇచ్చిందని స్టేషన్‌లో చెప్పుకుంటారు.

శశికళ దొంగ కవరుని ఒక మూల పట్టుకుని వెలుతురుకి ఎత్తింది.

"క్లూ ఏమైనా దొరికిందా?"

"క్లూ లేదు మేడం. గ్లూ ఉండాది," అన్నాడు చెంగల్రాయుడు. "అదీ గ్లూ కాదు. వాసన చూడండి. గంజి."

శశికళ వాసన చూసింది. నిజమే. గంజి పెట్టి అంటించారు.

కవరు వెనక బూడిద రంగులో రెండు మరకలు. ఒక పక్క బొటనవేలు. ఇంకో పక్క చూపుడువేలు.

"అది విభూది మేడం. తిరుత్తణిలో విభూది అంటని చెయ్యి యాడుంటాది?"

వేలిముద్రల నిపుణుడు భూతద్దం దించి పెదవి విరిచాడు.

"వేలు ఆనింది మేడం. గీతలు మాత్రం లేవు. ఒక్కటంటే ఒక్కటీ లేదు. గ్లౌజులు వేసుకున్న ప్రొఫెషనల్ పని."

శశికళ కవరుని ప్లాస్టిక్ సంచిలో పెట్టింది.

నివేద మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండింది?"

"నా దగ్గరే మేడం."

"దారిలో తెరిచారా?"

"లేదు. సీలు అట్లే ఉండాది. మీరే చూడండి."

"రుక్మిణమ్మ ఓటు ఎవరు పెట్టారు?"

"వాళ్ల కొడుకు నటరాజు. సహాయకుడిగా. తెర వెనక వాళ్లిద్దరే ఉండారు."

"ఆమె ఎవరికి వేయమందో మీకు వినబడిందా?"

నివేద తల దించుకుంది. "ఆమె మాట్లాడినట్టు నాకు వినబడలేదు మేడం. అడిగి ఉండాల్సింది. అడగలేదు."

"తర్వాత?"

"కవరు అంటించినాం. ఆమె ముందుకి చెయ్యి చాపి, నా ఓటు నేనే వేస్తా బిడ్డా అనింది. ఇచ్చినా. కళ్లకద్దుకుని పెట్టెలో వేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి."

కళ్లలో నీళ్లు తిరిగితే ఎదురుగా ఉన్నది కనబడదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

వీడియో తీసినవాడు శరత్‌కుమార్. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. శశికళ వీడియో మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అందరూ నివేద చేతులనే చూశారు. నివేద చేతులు ఖాళీగా ఉన్నాయి. రుక్మిణమ్మ కవరు అందుకుంది. ఒళ్లో పెట్టుకుంది. కొంగు సర్దుకుంది. కవరు ఎత్తి కళ్లకద్దుకుంది. పెట్టెలో వేసింది.

"మంచి షాట్ మేడం," అన్నాడు శరత్‌కుమార్, అలవాటు కొద్దీ.

"నీ షాట్ వల్ల ఒకామెకి షాక్ తగిలిందిరా," అన్నాడు చెంగల్రాయుడు.

శశికళ నాలుగోసారి చూడమంది. ఈసారి శబ్దం తీసేసింది.

*

మేట్టు వీధిలో మధ్యాహ్నం పన్నెండుకి కూడా మగ్గాల మోత ఆగదు. ఒకప్పుడు చేతిమగ్గాలు టకటక అనేవి. ఇప్పుడు పవర్‌లూములు దడదడమంటున్నాయి. నటరాజు ఇంటి ముందు షెడ్డులో నాలుగు ఉన్నాయి. వాళ్ల నాన్న నేత నేశాడు. నటరాజు నేత అయ్యాడు. వార్డు స్థాయి నేత. చొక్కా జేబులో నాయకుడి ఫోటో, పంచె అంచుకి పార్టీ రంగు.

"మా అమ్మ ఓటుని ఆ టీచరు అమ్ముకునింది," అన్నాడు గుమ్మంలోనే. "ఎదుటి పార్టీ పని. నాకు తెలుసు."

"ఓటు మీరే పెట్టారా?"

"నేనే. రూలు ఉండాది గదా."

"అమ్మ ఎవరికి వేయమంది?"

నటరాజు నవ్వాడు. "అమ్మకి ఏం తెలుస్తాది మేడం? నా పార్టీ యాదో అదే అమ్మ పార్టీ. దాన్ని పొయ్యి అడగాల్నా?"

"ఫారం ఎవరు నింపారు?"

"నేనే. అమ్మ వేలు వేయించినా. పెన్షన్ ఫారం అని చెప్పినా. లేకుంటే బూత్‌కే పోతానని పట్టు పడుతుంది. ఆ ఎండలో, ఆ లైన్లో, ఈ వయసులో! మంచికే గదా చేసినా?"

శశికళ అతని చేతులు చూసింది. గోళ్ల సందుల్లో మిషన్ గ్రీజు.

నటరాజు భార్య కవిప్రియ మంచినీళ్లు తెచ్చింది. నగరి ఆడపిల్ల. నగరి కొండ ఈ మేడ మీంచి కనబడుతుంది. కానీ మధ్యలో రాష్ట్రం గీత ఉంది. ఓటర్ల జాబితా మొత్తం తిరగరాసినప్పుడు, పాత జాబితాలో అమ్మానాన్నల పేరు చూపించమన్నారు. ఆమె అమ్మానాన్నలు గీతకి అవతల ఉన్నారు. కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. పేరు మాత్రం ఆమె వైపు తిరగలేదు.

"మీ ఓటు?" అంది శశికళ.

"నాకు యాడిది మేడం? గుర్తింపు కార్డు ఉండాది. వాళ్లకే నేను గుర్తు లేను."

వెనక వసారాలో ఇంకా ఒక చేతిమగ్గం ఉంది. గుంటలో కూర్చుని నేసేది. దాని మీద నిలువు పోగుల కొత్త పడుగు. పాత పడుగు అయిపోయిన చోట కొత్త పోగులు ఒక్కొక్కటీ పాత పోగులకి అతికించి ఉన్నాయి. వందల కొద్దీ అతుకులు. దగ్గరికి పోతేగాని తెలియదు.

మగ్గం పక్కన కొబ్బరి చిప్ప. చిప్పలో బూడిద.

చెంగల్రాయుడు భక్తిగా చెప్పులు విడిచాడు. మూడు వేళ్లు చిప్పలో ముంచి నుదుట అడ్డంగా పూసుకున్నాడు. కళ్లు మూసుకుని "మురుగా" అన్నాడు.

కవిప్రియ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నా, అది పొయ్యిలో బూడిద."

"అయ్యయ్యో! పొయ్యిదా? మరి ఇక్కడెందుకు పెట్టినారు?"

"పడుగు అతికేదానికి. వేళ్లకి బూడిద రాసుకుంటేనే పోగు జారకుండా మెలి పడుతుంది."

శశికళ చెంగల్రాయుడి నుదురు చూసింది. చాలాసేపు చూసింది.

"తుడుచుకోవాల్నా మేడం?"

"వద్దు. అలాగే ఉండు."

ఆమె సంచిలోంచి దొంగ కవరు తీసి అతని నుదుటి పక్కన పట్టుకుంది. రెండూ ఒకటే రంగు. గుడి విభూది తెల్లగా ఉంటుంది. ఇది తెలుపు కాదు.

"ఈ పడుగు ఎవరు అతికారు?" అంది శశికళ.

కవిప్రియ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆమె కళ్లు ఒక్క క్షణం వసారా మూలన ఉన్న నులకమంచం వైపు పోయి వచ్చాయి.

మంచం మీద రుక్మిణమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతున్నట్టే ఉంది. చేతివేళ్లు మాత్రం నిద్రపోలేదు. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా రాసుకుంటూ ఉంది.

"రేషన్ ఎవరు తెస్తారమ్మా?" శశికళ గొంతు తగ్గించింది.

"నేనే మేడం. అత్త పోతే మిషన్ తీసుకోదు. ఎన్నిసార్లు వేలు పెట్టినా ఎర్రలైటే వస్తుంది."

శశికళ వాచీ చూసుకుంది. అయిదుకి ఇంకా టైముంది. కానీ ఆమె మొహంలో సంతోషం లేదు. కేసు విడిపోతుంటే పోలీసుల మొహం వెలగాలి. ఆమె మొహం అప్పుడే వాడిపోవడం మొదలుపెట్టింది.

*

సాయంత్రం నాలుగుకి అందరూ అదే వసారాలో ఉన్నారు. నివేద గోడకి ఆనుకుని నిలబడింది. శరత్‌కుమార్ కెమెరా లేకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. నటరాజు కుర్చీలో. కవిప్రియ తలుపు వెనక. రుక్మిణమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

శశికళ స్టూలు మీద తెల్ల కాగితం పరిచింది. పక్కన ఇంకు ప్యాడ్.

"అందరూ కుడిచేతి బొటనవేలు వేయండి."

నివేద వేసింది. గీతలు. శరత్‌కుమార్ వేశాడు. గీతలు. నటరాజు విసుక్కుంటూ వేశాడు. గీతలు, వాటి మధ్య గ్రీజు. కవిప్రియ వేసింది. గీతలు.

"అవ్వా, నువ్వూ."

"అమ్మని ఎందుకు మేడం?" నటరాజు లేచాడు. "కళ్లు లేని మనిషి!"

రుక్మిణమ్మ తనే చెయ్యి చాపింది. శశికళ ఆ వేలు ప్యాడ్ మీద పెట్టి కాగితం మీద అద్దింది.

నల్లటి గుండ్రని మచ్చ. గీతలు లేవు. ఒక్కటంటే ఒక్కటీ లేదు.

"గ్లౌజుల ప్రొఫెషనల్ ఈమే," అంది శశికళ. "ప్రొఫెషన్ పడుగు అతకడం. ఈ వీధి పడుగులు ఎన్నో ఈ రెండు వేళ్ల మీదుగా పోయాయి. బూడిద రాసుకుని పోగు మెలిపెట్టి మెలిపెట్టి గీతలు అరిగిపోయాయి. విభూది అయితే మూడు వేళ్లు పడతాయి. చెంగల్రాయుడి నుదురు చూడండి. కవరు మీద పడినవి రెండే. పోగు పట్టే రెండు వేళ్లు."

చెంగల్రాయుడు సాక్ష్యంగా నుదురు ముందుకి వంచాడు.

"గమ్ కొనుక్కునేవాళ్లు కవరుకి గమ్ రాస్తారు. నేతింట్లో చేతికి అందేది గంజి. కవరేమో చీర నమూనాలు పెట్టి షాపులకి పంపేది. రంగు కలిసిరావడం అదృష్టం. వీడియోలో మనమంతా టీచరు చేతులు చూశాం. అవ్వ చేతులు చూడలేదు. కళ్లు లేని మనిషి ఏం చేయగలదని. ఓటు కవరు కొంగు కిందికి పోయింది. కొంగు కిందినుంచి వేరే కవరు వచ్చింది."

షెడ్డులో లూములు ఆగాయి. కరెంటు పోయింది.

"సైజు ఎట్లా సరిపోయింది అవ్వా?"

రుక్మిణమ్మ దిండు కింద చెయ్యి పెట్టి ఇంకో రెండు కవర్లు తీసింది. ఒకటి చిన్నది. ఒకటి పెద్దది. రెండూ గంజితో అంటించి ఉన్నాయి.

"ఏ సైజుది తెస్తారో తెలీదు గదా బిడ్డా. మూడు చేసి పెట్టుకున్యా. చేతికి వచ్చినాక తడిమి, సరిపోయేది తీసినా."

"అమ్మా!" నటరాజు అరిచాడు. "నీకేమైనా పిచ్చా? ఆ ఓటు ఏం చేసినావు?"

"అది నా ఓటా నాయనా?"

"మరి ఎవరిది?"

"నువ్వు వేసింది నీ ఓటు. నీది నీకు బూత్‌లో ఇంగొకటి ఉండాది. నాకు చెవులు పోలేదు రా. తెర వెనక పెన్ను గీకిన చప్పుడు విన్యా. ఎవురికి మా అని ఒక్క మాట అడిగినావా?"

"నా పార్టీకి కాకుంటే ఎవరికి వేస్తావు?"

"అదే నాయనా. అది అడగాల. అడిగినా నేను చెప్పను. దానికే గదా తెర పెట్టేది." ఆమె మంచం అంచు పట్టుకుంది. "మీ నాయిన ఉన్నప్పుడు ఆయన చెప్పినట్టు వేస్తా ఉంటి. కళ్లు పోయినాక బూత్‌లో ఎవురో వేలు పట్టి నొక్కించిరి. పోయినసారి ఒక ఆఫీసరమ్మ చెప్పింది, మిషన్ మీద చుక్కలు ఉంటాయి అవ్వా, తడిమి నువ్వే నొక్కొచ్చు అని. అయ్యో, ముందే తెలిసుంటే అనుకున్యా. ఈసారి నా వేలితో నేనే వేద్దామని కాచుకొని ఉండా. ఇంతలో పెన్షన్ ఫారం అంటివి."

కవిప్రియ తలుపు వెనకనుంచి ముందుకి వచ్చింది. "టీము వస్తుందని మొన్న నేనే చెప్పినా మేడం. దాచిపెట్టి ఉంటే అత్తకి ఈ తిప్పలు ఉండేవి కావు."

"నువ్వు ఊరుకో మే," అంది రుక్మిణమ్మ. "దీని పేరు జాబితాలో లేదంటిరి. నా పేరు ఉండాది, ఓటు లేదు. ఈ ఇంట్లో ఆడోళ్ల ఓటు యాడుండాది బిడ్డా? నువ్వు దొంగల్ని పట్టేదానివి గదా, పట్టుకో."

శశికళ మంచం దగ్గరికి జరిగింది.

"కవరు ఎక్కడ అవ్వా?"

రుక్మిణమ్మ మంచం దిగింది. గోడ పట్టుకోకుండా నాలుగు అడుగులు వేసింది. మగ్గంలో నేసిన బట్ట చుట్టుకునే కర్ర దగ్గర ఆగి, చుట్టిన బట్ట మీద అరచేయి పెట్టింది. రెండు చుట్లు విప్పింది. మూడో చుట్టులో ఓటు కవరు. సీలు చెక్కుచెదరలేదు.

నివేద అక్కడే కింద కూర్చుండిపోయింది. ఏడుపో, ఊపిరో తెలియని శబ్దం ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది.

ఆ శబ్దం వైపు రుక్మిణమ్మ తల తిప్పింది. "ఎవురది? టీచరమ్మా? నీ ఉద్యోగం పోతాదని నాకు తెలీదు తల్లీ. పెట్టె తెరిచినప్పుడు నవ్వుకుంటారులే అనుకున్యా. నీ మీదికి వస్తాదని తెలిసుంటే నిన్ననే చెప్పేసి ఉందును."

*

శశికళ తిరువళ్లూరుకి ఫోన్ చేసింది. అవతల అధికారి అంతా విన్నాడు.

"టీచరు క్లియర్. మంచిది. ఇక ముసలామె. చూడండి ఇన్‌స్పెక్టర్, బ్యాలెట్ పొరపాటున పాడైందని ఆమె రాసిస్తే ఇంకొకటి ఇవ్వొచ్చు. కొడుకు బదులు ఇంకెవరైనా సాయం ఉంటారు. కేసు కూడా ఉండదు. కావాలనే దాచానంటే మాత్రం ఓటూ పోతుంది, కేసూ వస్తుంది."

"బూత్‌కి పంపొచ్చా సార్?"

"కుదరదు. ఆమె పేరు పక్కన పోస్టల్ అని మార్క్ అయిపోయింది."

చెంగల్రాయుడు మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. నుదుటి మీద బూడిద ఇంకా ఉంది.

"అవ్వా, రొంబ చిన్న మాట. చెయ్యి జారింది అని చెప్పు. అంతే. ఇంకో కాగితం ఇస్తారు."

"దాని మీద ఎవురు గుర్తు పెట్టేది?"

"ఎవరైనా. టీచరమ్మ పెడుతుంది."

"ఆమె నేను చెప్పిన దాని మీదనే పెట్టిందని నా వేలికి ఎట్ల తెలుస్తాది?"

చెంగల్రాయుడు నోరు తెరిచి మూశాడు. అతనికి మాట దొరకకపోవడం ఆ స్టేషన్ చరిత్రలో అదే మొదటిసారి.

"పోనీ కేసైనా పోతుంది అవ్వా. చెయ్యి జారిందను."

రుక్మిణమ్మ రెండు చేతులూ ముందుకి చాపింది. నున్నటి వేళ్లు. గులకరాళ్లలాగా ఉన్నాయి.

"ఈ వీధిలో అడుగు నాయనా. ఈ చేతిలోంచి ఒక్క పోగు జారిందని ఎవుడైనా చెప్తే, అప్పుడు రాసుకో."

శశికళ రాసుకుంది. ఆమె చెప్పిందే రాసుకుంది. కావాలనే దాచాను అని. పెన్ను రెండుసార్లు ఆగింది. తల్లిని అడగకుండా ఓటు పెట్టిన నటరాజు మీద ఇంకో కాగితం రాసింది. ఆ కాగితం రాసేటప్పుడు పెన్ను ఆగలేదు.

నటరాజు జేబులోంచి నాయకుడి ఫోటో తీసి, ఎందుకో చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఎవరికి ఫోన్ చేయాలో తెలియనట్టు ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

ఓటు కవరు తిరువళ్లూరు పోయింది. లెక్కలోకి రాదని రాసి పక్కన పెట్టారు. రుక్మిణమ్మ మీద కేసు ఉంటుందా, పోతుందా అనేది కూడా తిరువళ్లూరులోనే ఉంది. అడిగితే పరిశీలనలో ఉందంటారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి దగ్గర పరిశీలనకి ఎంత టైముందో ఎవరూ పరిశీలించలేదు.

*

పోలింగ్‌కి నాలుగు రోజుల ముందు తిరుత్తణిలో ఒక స్కూల్లో ఎన్నికల సిబ్బందికి ఆఖరి ట్రైనింగ్. నివేద ఉద్యోగం నిలబడింది. అవ్వ ఒకసారి మిషన్ తడిమి చూసేందుకు పైవాళ్ల పర్మిషన్ అడిగి తెచ్చింది. మధ్యాహ్నం భోజనాలకి అందరూ లేచాక ఆటో వచ్చి ఆగింది. కవిప్రియ చెయ్యి పట్టుకుని రుక్మిణమ్మ దిగింది. వెనక జీపులోంచి శశికళ, చెంగల్రాయుడు దిగారు. డ్యూటీ కాదు. అయినా వచ్చారు.

బెంచీ మీద ట్రైనింగ్ మిషన్. గుర్తులన్నీ ఉత్తుత్తివి. మామిడికాయ, గొడుగు, గడియారం, గంట.

నివేద ఆమె చెయ్యి పట్టుకుని మిషన్ మీద పెట్టబోయింది. రుక్మిణమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు చెప్పు తల్లీ. పట్టొద్దు."

నివేద చెప్పింది. పైనుంచి కింద దాకా వరస ఎట్లా ఉంటుందో, ఏ నంబరుకి చుక్కలు ఎట్లా ఉంటాయో, బటన్ ఎక్కడ ఉంటుందో. ఏ నంబరులో ఏ గుర్తు ఉందో.

రుక్మిణమ్మ వేలు మిషన్ మీద నడిచింది. చుక్క మీద ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకి పోయింది. కొత్త పడుగులో పాత పోగు జత వెతికినట్టు వెతికింది. గీతలు అరిగిన వేలికి చుక్కలు బాగానే అందుతున్నాయి.

"ఇది లెక్కకి వస్తుందా బిడ్డా?"

ఆ ప్రశ్న నివేదకి కాదు. శశికళకి.

అబద్ధం చెప్పడానికి ఒక క్షణం దొరికింది. శశికళ ఆ క్షణాన్ని పోనిచ్చింది.

"రాదవ్వా."

"తెలుసు. నువ్వు చెప్తావో లేదో అని అడిగినా." ఆమె అట్ట తెర వైపు తల తిప్పింది. "అది అడ్డం పెట్టండి. అందరూ అవతలికి పొండి."

అందరూ అవతలికి పోయారు. కవిప్రియ కూడా. తెర వెనక ఒక్కతే నిలబడింది రుక్మిణమ్మ. చాలాసేపు ఏమీ వినబడలేదు.

తర్వాత బీప్ అని పొడుగ్గా మోగింది.

ఆ మోత ఆగేదాకా ఆమె కదల్లేదు. ఆగాక కొంగు సర్దుకుని తనే తెర పక్కకి జరిపి బయటికి వచ్చింది.

చెంగల్రాయుడు ఉండబట్టలేకపోయాడు.

"ఏది నొక్కినావవ్వా? మామిడికాయా? గంటా?"

రుక్మిణమ్మ అతని గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"ఏమయ్యా, పోలీసోడివి. అది అడగకూడదని నీకు తెలీదా?"